నీళ్లలో దీపం

శ్రోతలందరికీ నమస్కారం.

చీకటి పడ్డాక ఈత కొలనులో దీపం వెలగడం చూశారా? నీళ్లన్నీ లోపలి నుంచి వెలుగుతాయి. అడుగున పలకల మీద అలల గీతలు కదులుతుంటాయి. ఆ దీపం ఆరిపోయిందంటే అదే కొలను నల్లటి గుంట. అడుగు కనిపించదు. అడుగు కనిపించని నీళ్లలో మునిగిన పిల్లాడూ కనిపించడు. అందుకే ఆ బల్బును నేను అలంకారం అనుకోను. ఆరిన రోజు రాత్రికి కొలను మూసేయాలి, వీలైనంత త్వరగా బల్బు మార్చాలి.

మరి నీళ్లలో ఉన్న బల్బును ఎలా మారుస్తారు?

హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంట్లో పోయిన ఎండాకాలం ఈ ప్రశ్నే వచ్చింది. కమిటీలో అందరం కూర్చుని నీళ్లు తోడేద్దామని తీర్మానించేశాం. కొలను 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు. అంటే 90,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 18. ఏప్రిల్ నెలలో 18 ట్యాంకర్ల నీళ్లు! ఒక్క బల్బు కోసం!

మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ మా మాట విని, "నీళ్లెందుకు తీస్తరు సార్? దీపమే పైకొస్తది" అన్నాడు.

నేను పక్కనే నిలబడి చూశాను. ఆయన ముందు కొలను దగ్గరికి పోలేదు. పంపు గదిలో బోర్డు దగ్గరికి పోయాడు. అక్కడ ఆర్‌సీసీబీ అని, కరెంటు లీకైతే లైను తెంపేసే స్విచ్ ఒకటి ఉంటుంది, దాని మీద టెస్ట్ అని చిన్న బటన్. నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. "దీని సంగతి తర్వాత చెప్త సార్" అని దీపం లైన్ ఎమ్‌సీబీ, అంటే ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్, దించాడు. దాని మీద టేపు అతికించాడు. అంతటితో ఆగక, ఎవరూ లేపకుండా చూడమని వాచ్‌మన్‌ను బోర్డు ముందు నిలబెట్టాడు.

తర్వాత గట్టు మీదున్న కనెక్షన్ డబ్బా తెరిచి వోల్టులు కొలిచే మీటరు పెట్టాడు. టెస్టర్ చాలదా అని అడిగాను. చాలదట. కొలను దీపానికి వచ్చేది 12 వోల్టులే, ట్రాన్స్‌ఫార్మర్ 230ని 12కి దించి పంపుతుంది. 12 వోల్టులకు టెస్టర్‌లో బుడ్డి దీపం వెలగదు. వెలగలేదు కదా అని కరెంటు లేదనుకోకూడదు. ఈ మాట నేనెప్పుడూ వినలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు గట్టు మీద బోర్లా పడుకుని, మోచేతి దాకా చేయి నీళ్లలో పెట్టాడు. దీపం చుట్టూ ఉన్న స్టీలు రింగుకు పైన ఒకటే స్క్రూ. అది విప్పితే దీపం ముందుకు వాలింది. వెనకాల గూట్లో వైరు చుట్టలు చుట్టి ఉంది, మూడు మీటర్ల పైనే. ఆ వైరు ఎందుకు వదిలారో అప్పుడు అర్థమైంది నాకు. దీపం గట్టెక్కడానికి! మెల్లగా లాగి, తువ్వాలు పరిచి దాని మీద పెట్టాడు. గూడు నిండా నీళ్లే. అది లీకు కాదు, ఉండాల్సినవే. మాది పాతకాలపు 300 వాట్ల బల్బు, దాని వేడిని చల్లార్చేది ఆ నీళ్లే.

అద్దం ఊడదీస్తే లోపల రెండు చెంచాల నీళ్లు, తుప్పు మరక. అద్దం అంచున నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్ ఎండి, గోరు గుచ్చితే దిగనంత గట్టిగా ఉంది. "బల్బు మంచిగనే ఉండె సార్. ముందు రబ్బరు సచ్చింది, అటెన్క బల్బు సచ్చింది."

బల్బుతో పాటు గ్యాస్కెట్ కూడా కొత్తది వేశాడు. పాత రబ్బరుకే అద్దం బిగించి డబ్బు మిగిలిందనుకుంటే నెల తిరక్కుండా మళ్లీ ఇదే పని. కొత్త బల్బు ఎల్‌ఈడీ, 12 వోల్టులదే. దాని మీద రాసిన వోల్టులు నాకు చూపించి మరీ పెట్టాడు. స్క్రూలు ఎదురెదురుగా, కారు చక్రం బోల్టులు బిగించినట్టు కొంచెం కొంచెంగా బిగించాడు. ఆ తర్వాత కరెంటు లేకుండానే దీపాన్ని నీళ్లలో ముంచి పట్టుకున్నాడు. పంచర్ షాపులో ట్యూబును తొట్టిలో ముంచి చూస్తారే, అచ్చం అలాగే. బుడగ వస్తే లీకు. పది నిమిషాలు చూశాం. ఒక్క బుడగ రాలేదు. వైరు పొడుగునా వేళ్లతో తడిమి చూశాడు. ఎక్కడైనా చీలి ఉంటే టేపు చుట్టి నీళ్లలో వదలకూడదు, గట్టు మీద డబ్బా దాకా వైరు మొత్తం మార్చాల్సిందే.

దీపం గూట్లోకి పోయింది. స్క్రూ పడింది. ఇక వేయొచ్చు కదా అన్నాం.

"ఎయ్య సార్" అన్నాడు. "ఆ బటన్ నొక్కితె అది పడాలె. పడ్తలేదు."

పడడమంటే ఆర్‌సీసీబీ మీట దిగి కరెంటు ఆగిపోవడం. అది చేసే పని ఒకటే. వెళ్లిన కరెంటు అంతా తిరిగొచ్చిందా అని చూస్తుంది. 30 మిల్లీఆంపులు తక్కువైతే, అంటే ఎవరి ఒంట్లోంచో తడిగోడలోంచో పోతుంటే, రెప్పపాటులో లైను తెంపేస్తుంది. 30 మిల్లీఆంపులంటే ఎంత? వంద వాట్ల మామూలు బల్బు లాగేదాంట్లో పదో వంతు కూడా కాదు. 12 వోల్టుల వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాస్తుంది, నిజమే. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చేదీ, పక్కనున్న పంపుకు వచ్చేదీ 230 వోల్టులే. తడి కాళ్లతో తిరిగే చోటు అది. కొన్ని పాత కొలనుల్లో దీపానికే నేరుగా 230 ఇచ్చి ఉంటారు. మీ దగ్గర అలా ఉంటే దయచేసి బల్బు మార్చి ఊరుకోకండి, ఆ లైనే తీయించి 12 వోల్టులు పెట్టించండి.

ఈత కొలను లేని ఇంట్లో కూడా ఆ బటన్ ఉండొచ్చు. స్నానాల గది గీజరు, మోటారు, వాషింగ్ మెషీన్ అన్నిటికీ కాపలా అదే. నెలకోసారి నొక్కండి. నొక్కితే పడాలి. పడకపోతే మార్పించండి.

మా కొలను ఇంకో రెండు రోజులు చీకట్లోనే ఉంది, తాళం వేసి ఉంచాం. మూడో రోజు సాయంత్రం ఆయన కొత్త ఆర్‌సీసీబీ బిగించి, నన్ను పిలిచి నా చేతే నొక్కించాడు. టక్కున పడింది. మీట లేపి మళ్లీ నొక్కమన్నాడు. టక్. అప్పుడు టేపు తీసి ఎమ్‌సీబీ లేపాడు. బయట పిల్లలు ఒక్కసారిగా "వచ్చింది!" అని అరిచారు.