కత్తి బరువు, రోకలి బరువు

సభకు నమస్కారం. సిరొంచకు వచ్చి తెలుగులో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు సంతోషం.

పొద్దున ఇక్కడి పెద్దాయన ఒకరు అడిగారు: "రుద్రమదేవి నిజంగా కత్తి తిప్పిందంటారా? అంత ఇనుము ఆడమనిషి మోయగలదా?" సరిగ్గా అప్పుడే ఒకామె తలమీద కట్టెల మోపుతో ఎదురొచ్చింది. ఆయన పక్కకు జరిగి ఆమెకు దారిచ్చి, మళ్ళీ అదే ప్రశ్న వేశారు.

ముందు తూకం చూద్దాం. ఒంటిచేత్తో తిప్పే కత్తి చాలావరకు కిలో, మహా అయితే కిలోంబావు. అందులోనూ బరువు పిడివైపు ఉంటే చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. మీ ఇంట్లో రోకలి ఇంతకంటే బరువే. దాన్ని గంటసేపు ఎత్తి దించే చేతిని కత్తి మోయగలవా అని అడుగుతున్నాం!

ఇక కవచం. యూరప్ యోధుల నిండు ఉక్కు కవచం 20 నుంచి 25 కిలోలు, కానీ ఆ బరువు ఒళ్ళంతా పంచుకుంటుంది. ఇనుప రింగులు అల్లిన గొలుసు చొక్కా సుమారు 10 కిలోలు, అదంతా భుజాల మీద వేలాడుతుంది. నడుముకు తోలుపట్టీ బిగించి, పట్టీ పైభాగాన గొలుసును కాస్త పైకి లాగి వదిలితే చాలు, భారంలో కొంత తుంటి మీదికి దిగుతుంది. నడుం బిగించడం ఉత్తి మాట కాదు.

2017లో కేంబ్రిడ్జి పరిశోధకులు మధ్య యూరప్‌లోని తొలినాటి రైతు స్త్రీల చేతి ఎముకలు కొలిచారు. నేటి పడవ పందేల క్రీడాకారిణుల చేతుల కంటే అవి గట్టివని తేలింది. వాళ్ళు యుద్ధాలకు వెళ్ళినవాళ్ళు కాదు. దున్నడం, కోయడం, గంటల తరబడి ధాన్యం నూరడం, అంతే.

విల్లు సంగతి వేరు, దాచను. 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో దొరికిన విళ్ళను పూర్తిగా లాగాలంటే 45 కిలోలు, అంతకు మించిన బలం కావాలి. స్త్రీల భుజబలం సగటున పురుషుల కంటే తక్కువే. అయితే చిన్ననాటి నుంచి సాధన లేనిదే ఆ విల్లు మగవాడికీ లొంగదు.

రుద్రమ మరణాన్ని, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం కలిపే చెబుతుంది; అంటే ఇద్దరూ ఒకే యుద్ధంలో నేలకొరిగి ఉండవచ్చు. గోండ్వానా రాణి దుర్గావతి 1564లో మొగలు సేనతో పోరాడుతూ రణరంగంలోనే కన్నుమూసింది.

ఈ బల్లమీద కిలోంబావు ఇనుప కడ్డీ, పక్కింటివాళ్ళ రోకలి ఉన్నాయి. అమ్మలూ, అక్కలూ, వచ్చి రెండూ ఎత్తి చూడండి. పొద్దున అడిగిన పెద్దాయన ముందు రావాలి. రోకలి మాత్రం జాగ్రత్త, చీకటి పడకముందే తిరిగి ఇచ్చేయాలి.