ఫ్రిజ్ తలుపులో చాక్లెట్ డబ్బా

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడి నుంచి ఆవకాయ మోసుకెళ్లిన సూట్‌కేసులోనే వచ్చేటప్పుడు చాక్లెట్లు నింపుకుని వస్తాడు. చాలా తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో సాగుతున్న వస్తుమార్పిడి ఇది. మా ఇంట్లో ఆ చాక్లెట్లన్నీ ఒక రేకు డబ్బాలో, ఫ్రిజ్ తలుపులో, మజ్జిగ సీసా పక్కన ఉండేవి.

కిందటి ఏడాది మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికి వెళితే ఎనిమిది కిలోలు తగ్గమన్నారు. అన్నం సగం చేశాను, నెయ్యి మానేశాను, పొద్దున్నే నడక మొదలుపెట్టాను. రెండు నెలలైనా తూకం ముల్లు కదల్లేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో అంతుపట్టలేదు. ఒక ఆదివారం మా ఆవిడ ఉతకబోయే చొక్కాల జేబులు తిరగేసి, దొరికిన చాక్లెట్ కాగితాలను నా ముందు బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచింది. వారంలో పదకొండు. నేనైతే మూడో నాలుగో తిని ఉంటాననుకున్నాను.

కళ్లద్దాలు పెట్టుకుని ఒక కాగితం చదివాను. 40 గ్రాముల పాల చాక్లెట్‌లో సుమారు 210 కేలరీలు. అంటే దాదాపు నాలుగు చిన్న ఇడ్లీలు. పదకొండింటికీ లెక్క కడితే 2,300 దాటింది. కుర్చీలో కూర్చుని పనిచేసే మగవాడికి ఒక రోజు తిండి కన్నా కాస్త ఎక్కువే. ఏడు రోజులున్న వారంలో నేను ఎనిమిదో రోజు భోజనం కూడా చేస్తున్నానన్న మాట! ఇక పంచదార ఒక్కో కడ్డీలో ఇంచుమించు ఐదు చెంచాలు. కాఫీలో అరచెంచా ఎక్కువైతే ముఖం చిట్లించేవాణ్ని నేనే. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదనీ, 25లోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 25 గ్రాములూ దాదాపు ఒక్క కడ్డీతోనే సరి.

నల్ల చాక్లెట్ తింటే లావెక్కరని మా ఆఫీసులో ఒకాయన ధైర్యం చెప్పారు. నమ్మి తెచ్చుకున్నాను. అందులో పంచదార తక్కువ, నిజమే. కోకో కొవ్వు మాత్రం ఎక్కువ. పాల చాక్లెట్ 100 గ్రాములకు 540 కేలరీల దాకా ఉంటే, ఇది 600 దగ్గరికి పోతుంది. చేదు కాబట్టి తక్కువ తింటాం, దాని వల్ల కలిగే మేలు అంతవరకే. తరువాత చాక్లెట్ బదులు వేరుశనగ చిక్కీ పట్టుకున్నాను. అదీ కేలరీల్లో పెద్దగా తీసిపోదు, పైగా పళ్లకు శ్రమ.

ఆ రోజుల్లోనే ఏలూరు దగ్గర ఒక బంధువుల కొబ్బరితోటకు వెళ్లాను. ఆ చుట్టుపక్కల కొబ్బరి చెట్ల నీడలో కోకో అంతరపంటగా పండిస్తారు. పండిన కాయను కర్రతో కొట్టి పగలగొట్టి నా చేతికిచ్చారు. లోపల తెల్లటి గుజ్జు, పుల్లపుల్లగా తియ్యగా బాగుంది. గింజ కొరికాను. ముఖం ముడుచుకుపోయింది, అంత చేదు. ఆ గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాక గానీ మనమెరిగిన ఆ వాసన రాదు. ఇన్నాళ్లూ నేను వెంటపడింది కోకో కోసం కాదని ఆ గింజ చెప్పింది. దానికి తోడైన పాలు, పంచదార కోసం!

ఇంకో సంగతి కూడా ఉంది. చాక్లెట్‌లోని కోకో కొవ్వు, అంటే కోకో వెన్న, 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37. అందుకే నమలక ముందే నోట్లో జారిపోతుంది, తిన్నట్టే ఉండదు. మన ఎండలకు అలమరలో నిలవదు కాబట్టి చాక్లెట్‌ను ఫ్రిజ్‌లో పెడతాం. పాలకనీ పెరుగుకనీ రోజుకు ఇరవైసార్లు తెరిచే తలుపులో ఉన్న దానితో మనిషి ఎన్నిసార్లని పోరాడతాడు?

మొదట పూర్తిగా మానేశాను. మూడు వారాలు నిగ్రహంగానే ఉన్నాను. నాలుగో వారం ఒక పెళ్లి నుంచి తెచ్చిన పెట్టె మొత్తం నిలబడే ఖాళీ చేశాను. అప్పటినుంచి పద్ధతి మార్చాను. డబ్బాను ఫ్రిజ్ పై అరలో, గిన్నెల వెనక్కి నెట్టించాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక, కూర్చుని, ఒకే ఒక్క ముక్క. కొరకను, నాలుక మీద కరగనిస్తాను. ఇదివరకు పట్టించుకోని పాల రుచి, చివర్లో సన్నటి చేదు ఇప్పుడు తెలుస్తున్నాయి. సాయంత్రం నాలుగున్నరకు వేసేది అసలు ఆకలి. దానికి గుప్పెడు వేయించిన శనగలు, గ్లాసు మజ్జిగ సరిపోతున్నాయి. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం నా పద్ధతి పాటించే ముందు తమ డాక్టరును అడగాలి.

ఐదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. నడకకూ అందులో వాటా ఉంది, ఘనత అంతా చాక్లెట్‌కే ఇవ్వను.

మొన్న మా మేనల్లుడు ఫోను చేసి, “మామయ్యా, వచ్చే నెల వస్తున్నాను, ఏం తెమ్మంటారు?” అని అడిగాడు. “ఏమీ వద్దురా” అన్నాను, గొంతు కాస్త బరువుగానే. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, “ఆయన మాట వినకు నాన్నా, నాకోసం బాదం వేసినవి రెండు పెట్టెలు తీసుకురా” అంది. వాటిని ఎక్కడ దాస్తుందో మాత్రం ఎంత అడిగినా చెప్పడం లేదు.