రెండు నియమాలు ఢీకొంటే ఏది ముందు?

అందరికీ నమస్కారం.

గుండె జబ్బున్న ఒకాయన ఇంట్లో నిద్రపోతున్నాడు. ఒంటి మీద మూడు నాలుగు చిన్న సెన్సర్లు, తలగడ పక్కన ఫోను. వాటిని కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు ఎవరూ లేరు. తమ సంగతి అవే చూసుకోవాలి. మనకు తెలియకుండానే గుండె వేగాన్ని సర్దే నాడీవ్యవస్థలాగే కంప్యూటర్లూ ఉండాలని ఐబీఎం 2001లో అన్నది ఇందుకే.

ఏం చేయాలో అంతా కోడ్‌లోనే రాసేయొచ్చు. కానీ రేపు డాక్టరుగారు "గుండె వేగం నిమిషానికి 120 దాకా ఆగొద్దు, 110 దాటగానే చెప్పండి" అంటే కోడ్ మళ్లీ విప్పాలి. అందుకే ఆ నిర్ణయాలను బయటికి తీసి పాలసీలుగా, అంటే నియమాలుగా, విడిగా రాస్తాం. లండన్ ఇంపీరియల్ కాలేజీలో తయారైన పాండర్ ఇలాంటి పాలసీలు రాసే భాషే. ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యి అనేది ఒక రకం పాలసీ. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చు అనేది ఇంకో రకం. వ్యవస్థను ఆపకుండానే వీటిని మార్చుకోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రాత్రి రెండింటికి గుండె వేగం 120 దాటింది. ఈసీజీ రీడింగులు పెంచమంటుంది ఒక పాలసీ. సరిగ్గా అప్పుడే బ్యాటరీ 20 శాతం కిందికి పడింది. రీడింగులు తగ్గించమంటుంది ఇంకోటి. విడివిడిగా రెండూ సరైనవే. కలిస్తే సెన్సర్ పెంచుతూ, తగ్గిస్తూ ఊగిసలాడుతుంది. పక్కన మనిషుంటే క్షణంలో తేల్చేస్తాడు. ఒకే పనికి ఒకటి అనుమతిస్తూ, ఇంకోటి వద్దంటూ ఉంటే పాలసీలను చదివి ముందే పట్టేసే సాధనాలున్నాయి. ఈ బ్యాటరీ గొడవ మాత్రం చాలాసార్లు నడిచేటప్పుడే బయటపడుతుంది. కాబట్టి ఏది ముందో మనమే ముందుగా రాసిపెట్టాలి. ఇది ఇంజనీర్లు ఒక్కరే తేల్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. డాక్టరు, నర్సు, ఆ రోగి కూడా కూర్చోవాలి.

ఇంకో సంగతి. అంబులెన్స్ సిబ్బంది వచ్చారు. వాళ్ల ట్యాబ్లెట్‌ను వ్యవస్థ గుర్తుపట్టి, అంబులెన్స్ సిబ్బంది అనే పాత్రకు రాసిన పాలసీ ప్రకారం రీడింగులు చూపిస్తుంది. మధ్యలో సిగ్నల్ పోయింది. వాళ్లు వెళ్లిపోయారా, గోడ అడ్డొచ్చిందా? వెంటనే హక్కు తీసేస్తే ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతున్నవాళ్లకు తెర ఖాళీ అవుతుంది. మరీ ఆగితే, వెళ్లిపోయిన పరికరానికి ఆయన గుండె వివరాలు తెరిచి ఉంచినట్టే. ఎన్ని సెకన్లు ఆగాలో కూడా ఎవరో ఒకరు పాలసీలో రాయాలి.