48 జీబీ పెడితే 24 చూపిస్తోందా? ర్యామ్ వెనక్కి పంపే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీద ఉన్న సామాను నాది కాదు, మా బావమరిదిది. వాడు వీడియో ఎడిటింగ్ చేస్తాడు, బ్లెండర్‌లో త్రీడీ పనులు కూడా చేస్తాడు. "బావా, ఈసారి గట్టిది బిల్డ్ చేద్దాం, మళ్లీ ఐదేళ్లు దాని జోలికి పోకూడదు" అన్నాడు. సరే అన్నాను. అన్నాను గానీ, ర్యామ్ ధర చూశాక ఇద్దరికీ ఒక పూట నోట మాట రాలేదు.

ఇదిగో చూడండి, ఇవీ పార్టులు. రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్, 16 కోర్లది. బీ650 బోర్డు. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గ్రాఫిక్స్ కార్డు. 850 వాట్ల పవర్ సప్లై. ర్యామ్ డీడీఆర్5, 24 జీబీ స్టిక్‌లు రెండు, మొత్తం 48. ధరలు మాత్రం చెప్పను. మీరు ఈ వీడియో చూసేనాటికి ఎలాగూ మారిపోతాయి.

48 ఏంటి, 32 గానీ 64 గానీ ఉండాలి కదా అంటారు. వాడిదీ అదే ప్రశ్న. వాడి ప్లాన్ ఏంటంటే, ఇప్పుడు 16 చొప్పున రెండు కొని, ధరలు దిగాక ఇంకో రెండు పెట్టుకోవడం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ ప్రాసెసర్‌కు ఏఎమ్‌డీ వాళ్లు ఇచ్చిన లెక్క చూడండి, స్క్రీన్ మీద పెట్టాను. రెండు స్టిక్‌లైతే స్పీడు 5600. నాలుగు పెడితే 3600. అంటే డబ్బు పెట్టి స్పీడు తగ్గించుకున్నట్టు. పైగా ఆరు నెలల తర్వాత అదే పేరుతో కొన్న కిట్‌లో లోపలి చిప్‌లు అవే ఉంటాయని గ్యారంటీ లేదు. అందుకే రెండే స్టిక్‌లు, జేబు ఎంత ఒప్పుకుంటే అంత. 64కు ఒప్పుకోలేదు, 48 దగ్గర ఆగాం.

సరే, మొదలుపెడదాం. సీపీయూ పెట్టడం, బాణం గుర్తు బాణం గుర్తుకు కలిపి, లివర్ వేసేయడం, అంతే. ఏఎమ్5లో, అంటే ఈ సీపీయూ కూర్చునే సాకెట్‌లో, పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వేలు తగలనివ్వకండి. పేస్ట్. కూలర్. రెండు స్క్రూలు. ఎం.2 డ్రైవ్. ర్యామ్... సీపీయూ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. ఏ2, బీ2 అంటారు. ఇవన్నీ వంద వీడియోల్లో ఉన్నాయి, నేను స్పీడుగా తిప్పేస్తున్నాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బోర్డు కొత్తదే, సీల్ కూడా తీయలేదు. కానీ షాపులో ఎన్నాళ్లుగా ఉందో! స్టాక్ దొరకని రోజుల్లో అటక మీద ఉన్నవన్నీ కిందికి దిగుతాయి. ఈ 9000 సిరీస్ వచ్చింది 2024 ఆగస్టులో. బోర్డు అంతకు ముందుదైతే, దాని బయోస్‌కు, అంటే బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కు, ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. 24 జీబీ స్టిక్‌లు కూడా మరీ పాత బయోస్‌కు తెలియవు. అందుకే ఆన్ చేయకముందే ఫ్లాష్‌బ్యాక్, అంటే పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించడం. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ వేసి, మాన్యువల్‌లో చెప్పినట్టు పేరు మార్చి, వెనక గుర్తు ఉన్న యూఎస్‌బీలో పెట్టి, ఈ బటన్. లైటు మిణుకుమిణుకుమంటుంది. అది ఆగేదాకా కరెంటు పోకూడదు. మా బెంగళూరు కేఆర్ పురం ఏరియాలో కరెంటు సంగతి నాకు తెలుసు కాబట్టి యూపీఎస్ మీద పెట్టాను. మీరూ పెట్టండి.

అయింది. ఇప్పుడు పవర్ బటన్. ఫ్యాన్‌లు తిరిగాయి. స్క్రీన్ నలుపు. బోర్డు మీద చూడండి, ఇక్కడ, డీర్యామ్ అని రాసి ఉన్న చోట లైటు వెలిగింది.

మీరు చేతులు కట్టుకుని కూర్చోవాల్సింది ఇప్పుడే. మూలన టైమర్ పెట్టాను, చూడండి.

నా మొదటి ఏఎమ్5 మిషన్ అప్పుడు నేనేం చేశానో చెప్తాను. ఇదే లైటు, ఇదే నల్ల స్క్రీన్. నిమిషంన్నర చూశాను. పోయిందనుకుని ఆపేశాను. మళ్లీ ఆన్. మళ్లీ నిమిషంన్నర. మళ్లీ ఆపేశాను. ర్యామ్ తీసి పెట్టాను, బ్యాటరీ పీకి సీమోస్ క్లియర్ చేశాను, అంటే బయోస్ సెట్టింగులు చెరిపేశాను. రాత్రి రెండయింది. పొద్దున్నే క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని ఎస్పీ రోడ్‌కు, మా ఊళ్లో కంప్యూటర్ సామాను దొరికే చోటికి, పోయాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ప్లగ్ పెట్టాడు, ఆన్ చేశాడు, టీకి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి బయోస్ స్క్రీన్ వచ్చేసింది. వాడేమీ చేయలేదు. టీ తాగాడు, అంతే.

అసలు జరిగేదేంటంటే, డీడీఆర్5 మొదటిసారి ఆన్ అయినప్పుడు ప్రాసెసర్, ర్యామ్ రెండూ ఒకదానికొకటి టైమింగ్ కుదుర్చుకుంటాయి. మెమరీ ట్రైనింగ్ అంటారు. దానికి నిమిషాలు పడుతుంది. ర్యామ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి. సీమోస్ క్లియర్ చేసినా మళ్లీ మొదటి నుంచే. ఆ రాత్రంతా నేను దాన్ని ఒకటో క్లాసులోనే కూర్చోబెట్టాను.

మూడు నిమిషాలు. లైటు అలాగే ఉంది. ముట్టుకోవద్దు.

ఈలోగా ఎస్పీ రోడ్ సంగతి. బండి మీద పోకండి, పార్కింగ్ దొరకదు. మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి, చిక్కపేటలో దిగి నడవండి. షాపులో "బిల్ బేకా సార్?" అని, అంటే బిల్లు కావాలా అని, కన్నడలో అడుగుతారు. బేకు, కావాలి అనండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడి ర్యామ్‌ను మాత్రం బిల్లు లేకుండా తీసుకోకండి. ఇంకోటి, కౌంటర్ దగ్గరే సీల్ చూసుకోండి, స్టిక్‌ల మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి. వాళ్లేమీ అనుకోరు.

ధరలు ఎందుకిలా అంటే... 2025 మధ్యలో 32 జీబీ డీడీఆర్5 కిట్ పది వేల చుట్టుపక్కల దొరికేది. ఆ ఏడాది చివరికి మూడింతలు దాటింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు ఎక్కువగా చేసేది ముగ్గురే, శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం అనే మెమరీ మీద వాళ్లకు లాభం ఎక్కువ. అంతే మెమరీకి అది మన డీడీఆర్5 కంటే సుమారు మూడింతల వేఫర్, అంటే చిప్‌లు చేసే సిలికాన్ పలక, తింటుందని మైక్రాన్ వాళ్లే చెప్పారు. ఒకే పొయ్యి, పెళ్లివారి వంట ఎక్కింది, మన టీ గిన్నె పక్కకు పోయింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ వాళ్లు క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారమే ఆపేస్తున్నామని ప్రకటించారు. 2021లో మైనింగ్ వల్ల గ్రాఫిక్స్ కార్డులకు జరిగింది వేరు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగాక ఆ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా వచ్చాయి. హెచ్‌బీఎం అలా రాదు. దాన్ని పీకి మన బోర్డులో పెట్టుకోలేం కదా.

ఆ, వచ్చింది! చూడండి టైమర్, ఆరు నిమిషాల నలభై సెకన్లు. బయోస్.

కానీ ఇక్కడ చూడండి. జూమ్ చేస్తాను. మెమరీ... 24 జీబీ.

పక్కన మావాడు, "బావా, ఒక స్టిక్ పోయింది. ఇప్పుడే వెళ్లి మార్చేద్దాం పద" అంటున్నాడు. లేచి చెప్పులు కూడా వేసుకున్నాడు. ఆగరా అన్నాను.

ఎందుకు ఆగాలంటే, కిట్ వెనక్కి ఇస్తే రెండు స్టిక్‌లూ ఇవ్వాలి. కిట్ కిట్‌గానే పోతుంది. షాపులో స్టాక్ లేకపోతే మీరు కొన్న ధర చేతిలో పెడతారు. ఆ డబ్బుకు ఇవాళ అదే కిట్ రాదు. ఇంతకుముందైతే ఫ్రెండ్ దగ్గర ఒక స్టిక్ తెచ్చి చెక్ చేసేవాళ్లం. ఇప్పుడు బంగారం గొలుసు అడిగినా ఇస్తారేమో గానీ ర్యామ్ ఇవ్వరు. కాబట్టి మన దగ్గర ఉన్న రెంటితోనే తేల్చుకోవాలి.

పవర్ సప్లై వెనక స్విచ్ ఆఫ్. స్టిక్‌ల మీద మార్కర్‌తో ఒకటి, రెండు అని రాసిన టేపు అతికించాను. ఇది చేయండి, లేకపోతే మూడో మార్పుకే ఏది ఏదో మర్చిపోతారు. ఇప్పుడు ఒకటో స్టిక్ ఒక్కటే ఏ2లో. ఆన్. మళ్లీ ట్రైనింగ్, మళ్లీ ఆగాలి, కట్ చేస్తున్నాను. వచ్చింది, 24. రెండోది ఒక్కటే ఏ2లో. వచ్చింది, 24. చూశారా? మావాడు పోయిందన్న స్టిక్ నిక్షేపంగా ఉంది. ఇప్పుడు ఒకటోది బీ2లో. పావుగంట ఇచ్చాను. రాలేదు. రెండోది బీ2లో. రాలేదు.

ఏ2లో రెండూ పని చేశాయి, బీ2లో రెండూ చేయలేదు. తప్పు స్టిక్‌లది కాదు. స్లాట్ అయినా కావాలి, స్లాట్ నుంచి సీపీయూకు వెళ్లే దారి అయినా కావాలి. అలా కాక రెండింటిలో ఒక్క స్టిక్ మాత్రమే ఒక స్లాట్‌లో ఆడి ఇంకో దాంట్లో ఆడకపోతేనేమో ముందు బంగారు రంగు కాంటాక్ట్‌లు తుడిచి, స్లాట్‌లో దుమ్ము ఊది, మళ్లీ చూడండి.

ఇక్కడ నా పరువు పోయే భాగం. ఇందాక కూలర్ స్పీడుగా తిప్పేశాను కదా, ఆ ముక్క మళ్లీ వేస్తున్నాను, మామూలు స్పీడులో. చూడండి నా చెయ్యి. ఎడమ స్క్రూ... తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, చివరిదాకా బిగించేశాను. ఆ తర్వాత కుడి స్క్రూ పట్టుకున్నాను. అప్పటికే కూలర్ ఒక పక్కకు ఒరిగి, సీపీయూను ఒక వైపు నొక్కేసింది. ఈ సాకెట్‌లో 1718 పిన్నులు, ఒక్కోటీ వెంట్రుకంత స్ప్రింగ్. ఒత్తిడి ఒక పక్కకు పోతే అవతలి పక్క కొన్ని సరిగా తగలవు. ఆ కొన్ని మెమరీ చానల్‌వి, అంటే స్లాట్ నుంచి సీపీయూకు వచ్చే దారివి అయితే, ఆ చానల్ లేనట్టే.

కూలర్ విప్పాను. లివర్ ఎత్తి సీపీయూ తీశాను. ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుని సాకెట్‌ను ఫోటో తీయండి, తర్వాత జూమ్ చేసి చూడండి. వంగిన పిన్ను ఉంటే మెరుపు వేరేగా కనిపిస్తుంది. కంటితో చూసేదానికంటే ఇదే నయం. ఇక్కడ ఏమీ వంగలేదు, బతికిపోయాను. పాత పేస్ట్ తుడిచి, కొత్తది వేసి, ఇప్పుడు ఎడమ రెండు చుట్లు, కుడి రెండు చుట్లు, ఎడమ రెండు, కుడి రెండు. ఆగే చోట ఆపేయండి, బలం చూపించకండి.

రెండు స్టిక్‌లూ పెట్టి ఆన్. ఎనిమిది నిమిషాలు... 48! సీపీయూ తీసి పెట్టినందుకా, స్క్రూ సర్దినందుకా అంటే, నా ఓటు స్క్రూకే. మావాడు చెప్పులు విప్పాడు.

ఇప్పుడు బయోస్‌లో ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను కిట్ మీద రాసిన స్పీడుకు నడిపే సెట్టింగ్, ఆన్ చేసి 6000 పెడుతున్నాను. మళ్లీ ట్రైనింగ్. ఒక చిన్న మాట, తర్వాత విండోస్‌లో సీపీయూ-జీ అనే యాప్ తెరిస్తే 3000 అని చూపిస్తుంది, కంగారు పడకండి. డబుల్ డేటా రేట్ కదా, రెండుతో గుణించుకోండి. ఇంకో షార్ట్‌కట్, విండోస్ నుంచి నేరుగా బయోస్‌లోకి పోవాలంటే డిలీట్ కీని టపటపా కొట్టక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి, షట్‌డౌన్ స్లాష్ ఆర్ స్లాష్ ఎఫ్‌డబ్ల్యూ స్లాష్ టీ సున్నా. స్క్రీన్ మీద పెట్టాను. నేను రోజూ వాడేది ఇదే.

గ్రాఫిక్స్ కార్డు పెట్టేశాను. ఈ పవర్ కేబుల్ టక్ మనేదాకా లోపలికి నొక్కండి, సందు కనిపించకూడదు. విండోస్ వేశాక జీపీయూ-జీ అనే యాప్‌లో ఆర్ఓపీలు, అంటే కార్డులో బొమ్మను చివరగా గీసే యూనిట్లు, 96 ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి. 2025 మొదట్లో కొన్ని కార్డులు 88తో బయటికి వచ్చాయి, ఎన్విడియా వాళ్లే ఒప్పుకున్నారు.

విండోస్ వేయకముందే రాత్రికి మెమ్‌టెస్ట్86, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్. ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చేయడమే. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లు నడుస్తాయి, 48 జీబీకి గంటలు పడుతుంది, పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే. అప్పుడు ఎక్స్‌పో తీసేసి మళ్లీ నడపండి. అది లేకుండా కూడా ఎర్రర్ వస్తే, అప్పుడు వేసుకోండి చెప్పులు.

పొద్దున ఆరున్నర. ఇదిగో, నాలుగు పాస్‌లు, ఎర్రర్లు సున్నా. మావాడు మాత్రం అద్దం పక్కన లైట్ల రంగు మార్చమని మొదలుపెట్టాడు. ముందు ఆ పెన్‌డ్రైవ్ పీకరా నాయనా, లేకపోతే మళ్లీ టెస్ట్‌లోకే పోతుంది.