సీసా అడుగున ఉన్న అంకె

అందరికీ నమస్కారం. మీ చేతిలో ఉన్న నీళ్ల సీసాను ఒకసారి తిరగేసి అడుగు చూడండి. బాణాల త్రికోణం మధ్యలో ఓ అంకె ఉంటుంది. 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్. తాగి పారేసే పల్చటి సీసాలు దాదాపు అన్నీ ఇవే. గాజులా మెరిసే గట్టి క్యాన్ల మీద 7 కనిపిస్తే, అది పాలీకార్బోనేట్ కావచ్చు.

ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. అందరూ భయపడే బీపీఏ, అంటే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం, పాలీకార్బోనేట్‌కి ముడిసరుకు, పెట్ తయారీలో దాని అవసరమే లేదు. అది శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా పనిచేస్తుందని 1930ల్లోనే తెలుసు. తెలిసి కూడా దశాబ్దాల పాటు దాంతో చేసిన ప్లాస్టిక్‌తో పాలసీసాలు చేశారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. యూరప్ 2011లో వాటిని ఆపింది. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ, రోజూ ఎంతవరకు పర్వాలేదు అనే హద్దును ఏకంగా 20,000 రెట్లు తగ్గించేసింది.

మరి పెట్‌లో ఏముంది? ఆంటిమొనీ. తయారీలో రసాయన చర్యను వేగంగా నడపడానికి వాడే మూలకం ఇది, కొంచెం సీసా గోడలోనే మిగిలిపోతుంది. నీడపట్టున ఉంచిన నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. వేడి తగిలితే మాత్రం లెక్క మారిపోతుంది. 2008లో అరిజోనా పరిశోధకులు సీసాలను వేడిలో ఉంచి చూశారు. తాగునీటిలో ఆంటిమొనీకి అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 6 మైక్రోగ్రాములు. అది దాటడానికి 60 డిగ్రీల దగ్గర 176 రోజులు పట్టింది. 80 డిగ్రీల దగ్గర రెండు రోజుల చిల్లర చాలింది.

కాబట్టి ఒక మధ్యాహ్నం కారులో మర్చిపోయిన సీసా గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఆ నీళ్లకు వచ్చే అదోరకం తియ్యటి వాసన అసిటాల్డిహైడ్‌ది. ఆంటిమొనీకి వాసనా ఉండదు, రుచీ ఉండదు. వాసన రాలేదు కదా అని ఎండలో నెలల తరబడి పడి ఉన్న సీసాల్లోని నీళ్లు తాగడమే అసలు పొరపాటు. ఇంకొకటి, పాత పెట్ సీసాలో మరిగిన నీళ్లు పోయడం. పోసీ పోయగానే నడుము లోపలికి లాక్కుపోయి, అడుగు వంకర తిరుగుతుంది, చూసే ఉంటారు. ఆ ప్లాస్టిక్ 70, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది మరి.

పసిపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఇప్పుడు ఎక్కువ పాలసీసాలు పాలీప్రొపిలీన్‌వి, బీపీఏ ఉండదు. కానీ వేడినీళ్లు పోసి గిలక్కొడితే కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు లీటరుకు లక్షల్లో రాలతాయని 2020లో ఐర్లండ్ శాస్త్రవేత్తలు చూపించారు. అవి బిడ్డకు ఎంత చేటు చేస్తాయో ఇంకా తేలలేదు, తేలేదాకా ఆగాల్సిన పనీ లేదు. పాలపొడిని గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో వేడినీళ్లతో కలపండి. గోరువెచ్చగా అయ్యాకే సీసాలోకి వంచండి.