బెయిలు మంజూరైన తరువాత

వేదిక మీది పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం. నేర న్యాయ విధానాల రూపకల్పనలో గడిచిన నా ఉద్యోగ జీవితం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరగా, పోలీసు సంస్కరణలు, ప్రాసిక్యూషన్, జైళ్లు అన్నిటినీ వరుసగా ప్రస్తావించాలని రాసుకొని వచ్చాను. అయితే ఆ కాగితం పక్కన పెట్టి బెయిలు గురించి మాత్రమే చెబుతాను.

విచారణ ఖైదీల, అంటే తీర్పు రాకముందే జైలులో ఉన్నవారి, జాబితాలు పరిశీలించేటప్పుడు ఒక గడిలో బెయిలు మంజూరైన తేదీ కనిపించేది, విడుదల తేదీ రాయవలసిన పక్క గడి ఖాళీగా ఉండేది. కారణం అడిగితే, నిందితుడి తరఫున పూచీ పడే జామీనుదారులు రాలేదని సిబ్బంది చెప్పేవారు. కోర్టు వదిలిపెట్టమన్న మనిషిని, ఆస్తి కాగితాలు చూపగల బంధువులు లేరన్న కారణంతో మనం లోపలే ఉంచుతున్నాం. ఆ ఖాళీ గడులను నెలనెలా లెక్కగట్టి పైకి పంపాలని నేను రాసిన నోటు ‘పరిశీలించవచ్చు’ అన్న ఒక్క మాటతో ఆగిపోయింది. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

ప్రజల భద్రత మాటేమిటని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. నిందితుడి వల్ల ప్రమాదం ఉందా లేదా అన్నది బెయిలు ఇచ్చేటప్పుడే న్యాయమూర్తి తేల్చే విషయం. ఆ తరువాత అడిగే పూచీకత్తు అతని ఆస్తిని కొలుస్తుందే తప్ప ప్రమాదాన్ని కొలవదు. డబ్బున్న ప్రమాదకారి ఆ సాయంత్రమే బయటికి వస్తాడు.

1961లో న్యూయార్కులో మన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టు మొదలైనప్పుడు న్యాయ విద్యార్థులు, మీవంటి విద్యార్థులే, అరెస్టయినవారిని కలిసి, ఎక్కడ ఎంతకాలంగా ఉంటున్నారు, ఏ పని చేస్తున్నారు, కుటుంబంలో ఎవరున్నారు అని అడిగి, ఊరితో బంధం గట్టిగా ఉన్నవారిని సొంత హామీ మీద విడిచిపెట్టమని కోర్టుకు సిఫారసు చేశారు. అలా విడుదలైనవారిలో అత్యధికులు వాయిదాలకు వచ్చారు. మన సుప్రీంకోర్టు 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో ఈ ప్రయోగాన్నే ప్రస్తావించింది. నేరం రుజువైతే పడే శిక్షను మించి బీహారు జైళ్లలో మగ్గినవారి కేసు అది. జామీనుదారులు ఉంటేనే విడుదల అన్న పాత భావనను వదలాలని జస్టిస్ భగవతి స్పష్టంగా రాశారు. అయినా 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే.

చట్టం కదలలేదని అనను. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాని ఖైదీ వివరాన్ని జైలు సూపరింటెండెంటు, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే, మరణశిక్షకో యావజ్జీవానికో గురిచేయగల నేరాలు, ఒకటికి మించిన కేసులు వంటి మినహాయింపులు తప్ప, విడుదలకు అర్హుడు. అందుకోసం కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత కూడా సూపరింటెండెంటుదే.

అందుచేత మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి స్వచ్ఛంద సేవకులుగా పేరు నమోదు చేసుకోండి. జైలు నుంచి వచ్చిన ఆ ఏడు రోజుల జాబితా చూపమనండి. అది రాకపోతే, ఎందుకు రాలేదో రాతపూర్వకంగా అడిగించండి.