పాతిక శాతం కోసం పాతికేళ్లు! కోనసీమ రైలును ఆపింది డబ్బు కొరత కాదు

నమస్కారం. ఈరోజు రెండు రైలు మార్గాల లెక్కలు పక్కపక్కన పెడుతున్నాను. చూసి మీరే చెప్పండి.

మొదటిది అమరావతి లైను. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా. పొడవు 57 కిలోమీటర్లు. అంచనా 2,245 కోట్లు. కృష్ణా నది మీద 3.2 కిలోమీటర్ల వంతెన. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, అయిదేళ్లలో పూర్తి చేస్తామంది.

రెండోది కోనసీమ లైను. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా. పొడవు? అదీ 57 కిలోమీటర్లే! సవరించిన అంచనా 2,120 కోట్లు. గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు వంతెనలు. మంజూరైంది 2000–01 బడ్జెట్‌లో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల కోసం హైదరాబాదు బస్సెక్కుతున్నారు. బస్సే ఎక్కుతున్నారు, ఎందుకంటే అమలాపురంలో రైల్వే స్టేషను లేదు.

పొడవు అదే, ఖర్చూ ఇంచుమించు అంతే. మరి తేడా ఎక్కడుంది? వాటా దగ్గర! కోటిపల్లి లైను ఖర్చులో 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలని షరతు. అమరావతి లైనుకు కూడా మొదట్లో రాష్ట్రం వాటా అడిగారు, అదీ కొన్నేళ్లు మూలనే పడి ఉంది. కేంద్రమే మొత్తం ఖర్చు భరిస్తానని ఎప్పుడైతే అన్నదో అప్పుడు ఫైలు కదిలింది. అంటే ఈ వాటా అనేది రాజ్యాంగంలో రాసినది కాదు. ఢిల్లీ తలుచుకుంటే తీసేయగలిగినదే. అమరావతికి వద్దని నేననడం లేదు. రాజధానికి రైలు రావాల్సిందే. కోనసీమ ఏ పాపం చేసిందన్నదే నా ప్రశ్న.

నా సిద్ధాంతం ఒక్క ముక్కలో చెబుతాను, నచ్చని వాళ్లు కింద తిట్టండి. ఈ వాటా పద్ధతి డబ్బు సమకూర్చడానికి పెట్టింది కాదు. జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి పెట్టింది. పార్లమెంటులో కోటిపల్లి లైను గురించి అడిగినప్పుడల్లా రైల్వే శాఖ ఏమంటుంది? రాష్ట్రం తన వాటా జమ చేయలేదు అంటుంది. రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగితే? మా దగ్గర డబ్బు లేదు, కేంద్రమే భరించాలి అంటారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరూ నిజమే చెబుతుంటే దోషి ఎవరు? ఎవరూ కాదు! చూశారా ఎంత అందమైన ఏర్పాటో.

ఇప్పుడు డబ్బు లేదన్న మాట తూకం వేద్దాం. 2,120 కోట్లలో పాతిక శాతం అంటే 530 కోట్లు. పాతికేళ్లకు పంచండి. ఏడాదికి 21 కోట్లు. ఆంధ్రప్రదేశ్ 2025–26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. పదివేల రూపాయల్లో 65 పైసలు! ఈ 65 పైసలు లేకే కోనసీమ రైలు ఆగిందట. అప్పట్లో బడ్జెట్ చిన్నది అంటారా? అప్పట్లో అంచనా కూడా చిన్నదే. వెయ్యి కోట్ల చిల్లర అన్న ప్రాజెక్టు రెండు వేల కోట్లు దాటింది. ఎందుకు దాటింది? ఆలస్యం చేశారు కాబట్టి. 2014లో కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది, పరిహారం పెరిగింది. రైతుకు అది న్యాయమే. కానీ కొబ్బరి తోటల నేల ధర తెలియనిదెవరికి? పదేళ్ల ముందే సేకరించి ఉంటే ఈ బరువు ఉండేదా? ఆలస్యమైతే ఖర్చు పెరిగింది, ఖర్చు పెరిగితే వాటా పెరిగింది, వాటా పెరిగిందని మళ్లీ ఆలస్యం చేశారు.

ఈ పాతికేళ్లలో ఎవరెవరు ఉన్నారో చూడండి. ముఖ్యమంత్రులు చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, రోశయ్య, కిరణ్‌కుమార్ రెడ్డి, మళ్లీ చంద్రబాబు, జగన్, మళ్లీ చంద్రబాబు. రైల్వే మంత్రుల్లో మమతా బెనర్జీ, నితీశ్ కుమార్, లాలూ ప్రసాద్ నుంచి అశ్వినీ వైష్ణవ్ దాకా. ఒక విచిత్రం చెప్పనా? సురేశ్ ప్రభు రైల్వే మంత్రిగా ఉండగానే 2016లో రాజ్యసభకు ఎక్కడి నుంచి ఎన్నికయ్యారు? మన ఆంధ్రప్రదేశ్ నుంచే! రైల్వే మంత్రే మన ఎంపీ. అయినా ఆ పాతిక శాతం పీటముడి విడలేదు. ఇక పార్టీ జెండాల గురించి మాట్లాడేవాళ్లకు నమస్కారం పెట్టడం తప్ప ఏం చేయగలం?

ఈ లైను వెనుక జి.ఎం.సి. బాలయోగి గారి పట్టుదల ఉంది. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆయన కుమారుడు హరీష్ మాధుర్ 2024లో అదే అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. తండ్రి హయాంలో మంజూరైన రైలు గురించి కొడుకు అడగాల్సిన పరిస్థితి! ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

పని జరగలేదా అంటే, జరిగింది. కోటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పడవ, ఎక్కి ముక్తేశ్వరం వైపు వెళ్లండి. పంటు మీద మోటారు సైకిళ్లు, కార్లు, సంచులు పట్టుకున్న ఆడవాళ్లు, సైకిలు మీద పిల్లలు. తలెత్తితే గౌతమి మధ్యలో వరుసగా రైలు వంతెన స్తంభాలు. మార్గానికి ఆ చివర సఖినేటిపల్లి వెళ్లండి, నరసాపురం చేరడానికి అక్కడా పంటే! రైలు మార్గానికి ఈ కొసన పంటు, ఆ కొసన పంటు. స్తంభాలు ముందు నదిలోనే ఎందుకు లేచాయో ఎప్పుడైనా ఆలోచించారా? నదిలో భూసేకరణ అక్కర్లేదు! ఏటిలో తోటలుండవు, పట్టాదారు పాసు పుస్తకాలుండవు, కోర్టు కేసులుండవు. పని చేసినట్టు కనిపించడానికి అంతకంటే అనువైన చోటు మరొకటి లేదు. ఇది నా అనుమానం. కాదనేవాళ్లు ఊరూరా ఏ సంవత్సరం ఎంత భూమి సేకరించారో పట్టిక బయట పెట్టమనండి, ఇదే చోట చదివి వినిపిస్తాను.

ఇటు కాకినాడ–కోటిపల్లి లైనుదీ ఓ కథే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు ఆ పట్టాలు పీకేశారు. తిరిగి వేసింది 2004లో! పీకడానికి యుద్ధం కావాల్సి వచ్చింది, వేయడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఏం నడిపారు? ఒకే పెట్టె ఉన్న రైలు బస్సు. గేటు వస్తే ఆగడం, సిబ్బందే దిగి గేటు వేయడం, దాటాక మళ్లీ దిగి తీయడం. చూడముచ్చటగా ఉండేది, కాదనను. కరోనాతో అదీ ఆగింది. అసలు ఆ లైను ముందుకు సాగి నరసాపురంలో కలిస్తేనే దానికి అర్థం. ఎటూ కలవని లైనులో జనం ఎందుకు ఎక్కుతారు? జనం ఎక్కడం లేదు కాబట్టి లాభం లేదంటారు, లాభం లేదు కాబట్టి పొడిగింపు తొందర లేదంటారు.

వాటా పద్ధతిలో పూర్తయిన లైన్లు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. తెలంగాణలో అక్కన్నపేట–మెదక్, చెరి సగం ఖర్చు. 2022లో రైలు వచ్చింది. పొడవెంతో తెలుసా? 17 కిలోమీటర్లు, పట్టిన కాలం పదేళ్లు! మనోహరాబాద్–కొత్తపల్లి లైనులో సిద్దిపేట దాకా 2023లో రైలు నడిచింది, ఎందుకంటే అక్కడ రాష్ట్రం భూమి ఇచ్చింది, డబ్బూ కట్టింది. సంతోషం. మరి కడప–బెంగళూరు? 2008–09లో మంజూరు, చెరి సగం. కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు వేసి చేతులు దులుపుకున్నారు. రాష్ట్రానికి బుద్ధి పుడితేనే రైలు నడుస్తుందంటే, ఢిల్లీలో రైల్వే శాఖ ఎందుకు?

కోనసీమ ఈ దేశానికి ఇవ్వనిదేముంది? ఇక్కడి నేల కింద గ్యాసు గొట్టాల్లో పోతోంది. ఆ గొట్టం 2014లో నగరం అనే గ్రామంలో పేలితే మనుషులు నిద్రలోనే కాలిపోయారు. గ్యాసు తీసుకెళ్లడానికి దారి దొరికింది, మనుషుల్ని తీసుకెళ్లడానికి దొరకలేదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుంచి సరుకు రాష్ట్రాలు దాటి లారీల్లో పోతోంది. డీజిలు ధర పెరిగిన ప్రతిసారీ ఆ భారం చివరికి పడేది రైతు కాయ ధర మీదే. 2022లో జిల్లా కూడా ఇచ్చారు. కలెక్టరేటు వచ్చింది, పోలీసు కార్యాలయం వచ్చింది, రైలు కూత మాత్రం రాలేదు.

నేను అడిగేది ఒక్క కాగితం. 2000 నుంచి ఇప్పటిదాకా ఏ సంవత్సరం కేంద్రం ఎంత ఖర్చు పెట్టింది, రాష్ట్రం ఎంత జమ చేసింది, ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు సేకరించారు, ఎవరి సంతకం దగ్గర ఫైలు ఆగింది. తెలుగులో, అమలాపురం కలెక్టరేటు గోడ మీద అంటించండి. రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వం రెండూ దాని కింద సంతకం చేయాలి. ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టారంటే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే పెట్టరు. పెడితే నా సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటాను.

మీ తోటలో, మీ పొలంలో రైల్వే హద్దు రాళ్లు పాతి ఉంటే ఫొటో తీసి పంపండి. రాయి ఎప్పుడు పాతారు, పరిహారం వచ్చిందా లేదా, అంతే రాయండి. వచ్చిన వివరాలన్నీ మన పటం మీద గుర్తు పెట్టి వచ్చే వీడియోలో చూపిస్తాను. ఆ తర్వాతి వంతు నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గానిది. ప్రకాశం, నెల్లూరు వాళ్లు సిద్ధంగా ఉండండి.